వ్రేలాడుదీపము ఆభరణమా?

సికింద్రాబాదు మెట్టుగూడలో నేడు లేచుచున్న క్రొత్త అపార్టుమెంటులలో గృహప్రవేశమునకు వెళ్ళినవారెవరైనను, వ్రతప్రసాదము స్వీకరించిన పిమ్మట, ఇల్లంతయు త్రిప్పి చూపించు గృహస్థుని వెంట నడచుచు డైనింగు టేబులు కడకు వచ్చునప్పటికి, అచ్చట ఫాల్స్ సీలింగునుండి నల్లని వైర్లకు మూడు గాజుబుడ్లు వరుసగా వ్రేలాడుచుండుట చూడక మానరు. గృహస్థుడు స్విచ్చు నొక్కి, "హ్యాంగింగ్ లైట్లండీ, లుక్కు కోసం పెట్టించాం" అని చెప్పి, అతిథి మెచ్చుకొనువరకు ఒక క్షణమాగి, మరల ఆర్పివేయును. రైల్వేలో జీవితమంతయు గడపి విశ్రాంతి తీసికొనుచున్న ఆయన తండ్రిగారు సోఫాలోనుండి, "ఎందుకురా ఆ దండుగ, ఒక ట్యూబులైటు చాలదూ" అని గొణుగును. ఒకరు అలంకారమని మెచ్చుకొనుచున్నారు, మరియొకరు అలంకారమని నిందించుచున్నారు. అది అలంకారమే యన్న విషయమున మాత్రము తండ్రీకొడుకులది ఏకాభిప్రాయము. నేను ఖండింప బూనినది ఈ ఏకాభిప్రాయమును.

వ్రేలాడుదీపము పనిముట్టు. వెలుగు కావలసిన చోటు క్రింద నుండగా, వెలుగునిచ్చు బల్బు పైకప్పున నుండుటవలన కలుగు నష్టమును తొలగించుటకై, దీపమును పనిచేయువాని చేతుల చేరువకు దించుటకు పుట్టిన సాధనమది. దానిని నగవలె చూచినందువల్లనే నగను కొనునట్లు కొనుచున్నాము. ట్రూప్ బజారులోని దుకాణమున, వంద దీపములు ఒక్కమారు వెలుగుచుండగా, వాని నడుమ నిలుచుండి, తలయెత్తి, ఏది ఎక్కువ తళతళలాడునో దానిని ఎంచుకొనుచున్నాము. ఆ దుకాణమున మనము చూచునది దీపము రూపమును. ఇంటికి వచ్చిన తరువాత అనుభవింపవలసినది దాని వెలుగును. అక్కడ నిలుచుండి క్రిందినుండి చూతుము. ఇక్కడ కూర్చుండి ప్రక్కనుండి చూతుము. దుకాణదారుని తప్పు పట్టుటకు లేదు. "తక్కినవన్నియు ఆర్పి, ఇదొక్కటి వెలిగించి, దీని క్రింద నన్నొక పత్రికతో కూర్చుండనిండు" అని అడిగినవాడు ఆయనకింతవరకు తారసిల్లి యుండడు.

దీపములలో రెండు జాతులున్నవని మెట్టుగూడవారికి వేరుగా బోధింప నక్కరలేదు. 1893 నాటి లాలాగూడ వర్క్‌షాపు చుట్టును, రైల్వే క్వార్టర్ల నడుమను పెరిగిన పేట యిది. సిగ్నలు దీపము డ్రైవరు దూరమునుండి చూచుటకు ఉద్దేశింపబడినది. దాని వెలుగులో ఎవరును టైంటేబులు చదువబోరు. ప్లాట్‌ఫారము దీపమో, ప్రయాణికుడు తన కాలిక్రింది మెట్టును, చేతిలోని టిక్కెట్టును చూచుకొనుటకు. దానిని తలయెత్తి చూచువాడుండడు. మొదటిది చూడబడు దీపము, రెండవది చూపించు దీపము. కార్తికమాసమున దేవాలయ ధ్వజస్తంభమున కెత్తు ఆకాశదీపము మొదటి జాతిది. డిసెంబరు నెలలో మెట్టుగూడ, లాలాగూడ వీధులలో క్రైస్తవుల యిండ్ల ముంగిళ్ళ వ్రేలాడు కాగితపు నక్షత్రమును ఆ జాతిదే. చౌమహల్లా దర్బారు మందిరమున నేటికిని చూపరుల కనులు చెదరగొట్టు 19 బెల్జియం స్ఫటికపు ఝూమర్లును నిజాము వైభవము పదిమంది కంట పడుటకే గాని, వాని క్రింద కూర్చుండి ఫర్మానాలు చదువుకొనుటకు కాదు. ఇవియన్నియు ఎత్తున నుండుటయు, మిరుమిట్లు గొలుపుటయు న్యాయమే.

పల్లెయింటి దూలమున కొక కొక్కెమునుండి వ్రేలాడు లాంతరు రెండవ జాతిది. ఉట్టిని ఎంత యెత్తున కట్టవలెనన్న ప్రశ్నకు మన ముత్తవ్వలు ఏ గ్రంథమును చూడలేదు. పిల్లికి అందరాదు, ఇల్లాలి చేతికి అందవలెను, ఆ రెంటి నడుమ నున్నదే ఉట్టి యెత్తు. లాంతరు ఎత్తును నిర్ణయించినదియు ఇట్టి వివేకమే: నడచువాని తలకు తగులరాదు, విస్తరిలో వెలుగు పడవలెను. ఆ లాంతరు పోయి కరెంటు బల్బు వచ్చినది. బల్బు తరువాత ట్యూబులైటు వచ్చి గోడమీదికెక్కినది. దీపము మనుష్యుని విడిచి కప్పువైపు పోయిన ఈ ప్రయాణమును మనము పురోగతి యనుకొంటిమి. మూడు గాజుబుడ్ల రూపమున అది తిరిగి వచ్చునప్పటికి, అది యేల వ్రేలాడుచున్నదో మరచి, రెండవ జాతి దీపమునకు మొదటి జాతి వేషము వేయుచున్నాము. నా ఆక్షేపణమంతయు ఈ వేషము పైననే.

ముందుగా తండ్రిగారి పక్షమును పరిశీలింతము; ఏలయనగా, ఆయన వాదమున కొంత నీతియు, పొదుపును కలవు. గదియంతటికి ఒక ట్యూబులైటు వెలుగు నిచ్చుచుండగా, టేబులు మీది కింకొక దీపమేల యని ఆయన ప్రశ్న. ఆ ట్యూబులైటు ఎక్కడ నున్నదో చూడుడు. మన యిండ్లలో అది ఒక గోడకు, కప్పునకు అడుగు దిగువగా నుండును. టేబులు చుట్టును నలుగురు కూర్చుండిరా, ట్యూబులైటువైపు వీపు పెట్టినవారు తమ నీడలో తాము తినవలెను. ఎదుటివారికి ఆ తెల్లని కడ్డీ నేరుగా కంటిలో గ్రుచ్చుకొనును. చేపల పులుసు వండిననాడు ముల్లు తీయుటకు పిల్లవాని కంచమును ఇటునటు త్రిప్పి త్రిప్పి చూచు తల్లి, తన నీడతోనే పోరాడుచున్నదని ఆ తండ్రిగారు గమనించి యుండరు.

లెక్క కూడ ఆయన పక్షమున లేదు. వెలుగు తన మూలమునుండి దూరమైన కొలది, ఆ దూరము యొక్క వర్గమును బట్టి తగ్గును. కప్పు నేలనుండి 9 అడుగుల యెత్తున నున్నదనుకొనుడు. టేబులు రెండున్నర అడుగులు. కప్పునకంటిన బల్బునుండి టేబులునకు ఆరున్నర అడుగుల దూరము. అదే బల్బును టేబులునకు రెండున్నర అడుగుల యెత్తునకు దించినచో, దాని క్రింద నున్న కంచముపై పడు వెలుగు ఆరున్నర రెట్లకు పైగా పెరుగును. బల్బు మారలేదు, మీటరు తిరుగుట పెరుగలేదు. పెరిగినదంతయు నాలుగడుగుల వైరు. తెల్లని లోపలి వైపు గల టోపి నొకదానిని తొడిగితిమేని, ప్రక్కలకును పైకిని పోవు వెలుగు కూడ క్రిందికే మరలును. నేటి 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు సుమారు 900 ల్యూమెన్ల వెలుగు నిచ్చును. వెనుకటి 60 వాట్ల తీగెబల్బు ఇచ్చినది సుమారు 700. పొదుపే ఆయన ధర్మమైనచో, ఆ ధర్మము వ్రేలాడుదీపము పక్షముననే యున్నది.

ఆయన వయస్సును ఈ పక్షముననే సాక్ష్యము పలుకును. అరువది యేండ్లవాని కంటి లోపలి పొరకు, ఇరువది యేండ్లవానికి చేరు వెలుగులో సుమారు మూడవవంతు మాత్రమే చేరునని నేత్రశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కటకము పసుపుబారుటయు, కనుపాప మునుపటివలె విప్పారకుండుటయు అందులకు కారణములు. కావున ఉదయము నాలుగున్నరకే లేచి పత్రికకై యెదురుచూచు ఈ రిటైర్డు ఉద్యోగులకు ఎక్కువ వెలుగు కావలసియున్నమాట నిజము. కాని కావలసినది పత్రికమీద గాని కంటిలో కాదు. వయసు మళ్ళిన కన్ను మిరుమిట్లను ఓర్వజాలదు. గదినంతను తెల్లగా ముంచెత్తుట చేత కన్ను మరింత ముడుచుకొనును, అక్షరము మరింత మసకబారును. పత్రికకు రెండడుగుల యెత్తున, బల్బు కానరాని టోపిదీప మొక్కటి ఆయనకు నాలుగు ట్యూబులైట్ల పెట్టు.

ట్యూబులైటును పీకివేయుమని నా ఉద్దేశము కాదు. ఇల్లూడ్చునప్పుడు, జారిపడిన చెవిదిద్దును వెదకునప్పుడు, రాత్రివేళ బంధువులు పెట్టెలతో దిగినప్పుడు అదియే కావలెను. చీకటిగదిలో ఒక్క వ్రేలాడుదీపమే వెలిగించి గంటలకొలది చదివినను కన్ను అలసిపోవును. చుట్టును మందమైన వెలుగుండి, పనిచేయుచోట హెచ్చుగా నుండుట కంటికి హితము.

ఇక కొడుకుగారి పక్షము. ఇది ధనముతో కూడినది కనుక దీనికి శాస్త్రములు ఎక్కువ. 2017 నవంబరులో నాగోలు, మియాపూరుల మధ్య మెట్రో నడవ మొదలుపెట్టి, మెట్టుగూడకు స్టేషను వచ్చిన తరువాత, ఇచ్చటి పాతయిండ్ల చోట అపార్టుమెంటులు లేచుటయు, వానిలోనికి ఇంటీరియరు వారి పటముల పుస్తకములు వచ్చుటయు కనులార చూచుచున్నాము. ఆ పుస్తకముల ప్రకారము వెలుగు పని అంతయు ఫాల్స్ సీలింగులోని స్పాట్ లైట్లది. వ్రేలాడుదీపము దానికి బొట్టు. జాతీయ భవననిర్మాణ నియమావళి నివాసపు గదికి కనీసపుటెత్తుగా విధించినది 2.75 మీటర్లు, అనగా 9 అడుగులు. బిల్డరు ఆరేడంగుళములు ఎక్కువ ఇచ్చినచో, ఆ యెత్తును జిప్సం పలకతో మూసి, మూసినందులకు డబ్బిచ్చి, ఆ పలకకు రంధ్రములు పొడిచి దీపములు పెట్టుచున్నాము. పొడిచినందులకు మరల డబ్బు.

ఇచ్చట ఆ పుస్తకములు వ్రాసినవారి దేశములలో లేని యొక సంగతి కలదు. మన పైకప్పు నడిబొడ్డు ఫ్యానుది. ఈ నగరమున మూడు నాలుగు నెలలు తప్ప అది ఆగుట యెరుగదు. 1200 మిల్లీమీటర్ల ఫ్యాను పూర్తి వేగమున నిమిషమునకు సుమారు 350 చుట్లు తిరుగును, రెక్కలు మూడు, అనగా దాని రెక్క లొక చోటును సెకనునకు సుమారు 17 మార్లు దాటిపోవును. ఫ్యాను రెక్కలకు పైన, వాని పరిధికి దగ్గరగా, ఫాల్స్ సీలింగులో స్పాట్ లైటు పెట్టితిరేని, ఆ వెలుగు సెకనునకు 17 మార్లు కోయబడి క్రింద పడును. గోడపై రెక్కలనీడలు పరువులు పెట్టును. పుస్తకము పేజీ అదరును. అరగంటలో తల దిమ్మెక్కును. ఆ యింటివారు దానికి అలవాటుపడి, "ఫ్యాను వేస్తే ఏదో చికాకుగా ఉంటుందండీ" అని, ఫ్యాను నాపి ఏసీ వేసికొందురు! రెక్కల మట్టమునకు దిగువగా వ్రేలాడు దీపమునకు ఈ రోగము లేదు. దాని వెలుగునకును కంచమునకును నడుమ ఏ రెక్కయు అడ్డము రాదు. ఫ్యాను లేని దేశములలో వ్రేలాడుదీపము ఒక ముచ్చట కావచ్చును. ఫ్యాను గల తెలుగింటిలో అది న్యాయమైన దీపము. ఈ యొక్క కారణము చాలునని నా నమ్మకము. ఇది నేటివరకు ఏ పటముల పుస్తకమునను కనబడకపోవుట వింతగాదు. ఆ పటములలో ఫ్యానే యుండదు.

గాలికి దీపమూగునందురా? ఊగును, పలుచని గాజుబుడ్డిని సన్నని వైరున కట్టినచో. ఫ్యాను రెక్కచివరకు రెండడుగుల ఎడముగా, కాస్త బరువైన రేకుటోపిని గొట్టపుకడ్డీకి బిగించినచో ఊగదు. ఇది ఆలోచన సమస్యయే గాని వస్తువు దోషము కాదు.

ఎత్తు విషయమున చెలామణియగు సూత్రమొకటి కలదు: టేబులునకు 30 నుండి 36 అంగుళముల యెత్తున దీపముండవలెను, కప్పు 8 అడుగులకు మించిన కొలది అడుగున కింకొక 3 అంగుళములు పెంచవలెను. ఇది అమెరికా సూత్రము. దాని మొదటి సగము ఫరవాలేదు. రెండవ సగమున తర్కమేమో నాకు బోధపడదు. కప్పు ఎత్తైనంతమాత్రమున మనుష్యుని మెడ పొడుగగునా? పదునాలుగడుగుల కప్పు గల పాతకాలపు బంగళాలో కూర్చుండినను, తొమ్మిదడుగుల ఫ్లాటులో కూర్చుండినను, ఆ మనుష్యుని కన్ను నేలకు సుమారు నాలుగడుగుల యెత్తుననే యుండును. దీపము ఎత్తును నిర్ణయింపవలసినది కప్పునుండి క్రిందికి కాదు, కంటినుండి పైకి. గదిలోని ఖాళీ నిండుగా కనబడుటకు దీపమును పైకి లాగుట యన్నది మరల ఆభరణవాదమే. నగ మెడకు నప్పవలె నన్నట్లు దీపము గదికి నప్పవలెనని.

నేను చెప్పు పరీక్ష యిది. టేబులు వచ్చినపిమ్మట, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండవలెను. మూడవవాడు స్టూలెక్కి, వెలుగుచున్న దీపమును వైరుతో పట్టుకొని మెల్లగా దించవలెను. కూర్చున్న యిద్దరిలో ఎవరికిని బల్బు కంటబడని చోటును, ఒకరి ముఖమొకరికి టోపి అంచు క్రింది నుండి స్పష్టముగా కనబడు చోటును కలిసినప్పుడు, ఆపి, వైరుపై గుర్తు పెట్టుడు. సాధారణముగా టోపి అంచు టేబులునకు రెండడుగులకును రెండున్నర అడుగులకును నడుమ వచ్చును. లోతులేని టోపికి ఆ రెండు కోరికలు ఎన్నటికిని కలియవు. అట్టి దీపమును దుకాణమునకు తిరిగి ఈయుడు.

బల్బు కంటబడరాదన్న ఈ నియమము నా ఛాందసము కాదు. దీనిపైననే డెన్మార్కుదేశపు పౌల్ హెన్నింగ్సెన్ తన జీవితమును వెచ్చించెను. 1894లో పుట్టి కిరసనాయిలు దీపముల మెత్తని వెలుగులో పెరిగిన ఆయన, కరెంటు బల్బు వచ్చి ఇండ్లలోని వారి కనులను బాధించుట చూచి, 1926 నాటికి మూడు టోపీలను ఒకదానిపై నొకటిగా అమర్చి, ఏ వైపునుండి చూచినను బల్బు కనబడక, వెలుగు మాత్రము టోపినుండి టోపికి తాకి మెత్తనై క్రిందికి దిగునట్లు వంపులు గణించి దీపమును నిర్మించెను. 1958లో ఆయన చేసిన పి.హెచ్.5 దీపము యాబది సెంటీమీటర్ల వెడల్పుగలది. అది నేటికిని ఆ దేశపు భోజనపు బల్లలపై వ్రేలాడుచున్నది. మనవారు ఆ దీపము రూపమునకు నకళ్ళు చవుకగా కొని తెచ్చి, దానిని నిలుచున్నవాని తలకంటె ఎత్తున బిగించి, క్రింద కూర్చున్నవానికి దాని కడుపులోని బల్బు కనబడునట్లు చేయుదురు. ఆయన గణించిన వంపులన్నియు వృథా.

హెన్నింగ్సెన్ చెప్పిన సంగతి మన తోలుబొమ్మలాటవారు అంతకు ఎన్ని తరములకు మునుపో ఎరుగుదురు. దీపము తెరవెనుక నుండవలెను, బొమ్మ తెరపై కనబడవలెను; ప్రేక్షకునికి వత్తి కనబడినచో రామాయణము లేదు, లంక లేదు. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో ఆ కులవిద్యను నిలిపి, 2020లో పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావుగారి యూరివారు నేడు మేకతోలుతో దీపపు టోపీలు చేయుచున్నారు. ఎల్.ఇ.డి. బల్బు వేడి తక్కువ కనుక తోలునకు మునుపటి భయమును లేదు. ఆ టోపి లోపల బల్బు వెలిగినప్పుడు, ఎరుపును ఆకుపచ్చయు రత్నములవలె మండుచుండగా దానినుండి కన్ను మరల్చుట కష్టము. అందుచేతనే నేను దానిని టేబులుపై వ్రేలాడదీయవద్దందును. అది చూడబడు దీపము. హాలు మూలలో, కూర్చున్నవాని కంటి మట్టమున, తన గౌరవముతో తానుండవలసినది. దాని క్రింద చింతపండు పులుసులో పోపుగింజ కనబడదు. ఆభరణమునకు ఇంటిలో చోటు లేదని నేననలేదు గదా. పనిముట్టు చోటులో కూర్చుండరాదని మాత్రమే అంటిని.

గాజుబుడ్లు అంతకంటెను అధ్వాన్నము. లోపల పాతకాలపు తీగెను అనుకరించు ఎల్.ఇ.డి. తీగె నగ్నముగా మండుచు, స్వచ్ఛమైన గాజు దానిని ఏమాత్రమును దాచక, కూర్చున్న నలుగురి కనులను సమముగా బాధించుచుండును. అందులకే వానిని అతిథి వచ్చినప్పుడు వెలిగించి, మెచ్చుకోలు కాగానే ఆర్పివేయుచున్నారు. వెలిగించినప్పుడు భరింపరాని దీపము దీపమా? ఆ మూడింటి లెక్కకును ఆధారము పటములే. నలుగురు కూర్చుండు టేబులునకు పదునాలుగు పదునారంగుళముల టోపి యొక్కటి చాలును. ఆరుగురు కూర్చుండు పొడవు టేబులైనచో రెండు. టోపి వెడల్పు టేబులు వెడల్పులో సగమునకు అటునిటుగా నుండిన, వడ్డించువారి మోచేయి తగులదు.

ఎన్ని దీపములైనను, అవి ఎక్కడ వ్రేలాడుచున్నవో చూచితిరా? మెట్టుగూడ ఫ్లాటులలో ఇది నిత్యము జరుగు తంతు. టేబులు ఇంకను దుకాణముననే యుండగా ఎలక్ట్రీషియను నిచ్చెన వేసికొని, టేపుతో కప్పు నడుమ భాగమును కొలిచి, పెన్సిలుతో గుర్తు పెట్టి బిగించిపోవును. వారము తరువాత టేబులు వచ్చును. దానిని ఆ దీపముల క్రింద పెట్టిన ఫ్రిజ్ తలుపు సగమే తెరచుకొనును, వంటింటికి దారి ఉండదు; కనుక టేబులు గోడకు జరుగును. దీపములు దారిమీద మిగులును. పొడుగరియైన మేనమామ వచ్చినప్పుడు నుదురు కొట్టుకొనును. మరునాడు వైర్లను చుట్టి పైకి కట్టుదురు. ఆ చుట్టిన వైర్లు, ఏడున్నర అడుగుల యెత్తున, ఎవరికిని వెలుగీయక, ఆ యింట నేటికిని ఉన్నవి.

దీనికి మందు కొక్కెము. పాయింటు కప్పున ఎక్కడనున్నను, నాలుగైదడుగుల ఎక్కువ వైరు వదలి, టేబులు నిలిచిన చోటికి సరిగా పైన స్లాబులో కొక్కెము బిగించి, వైరును దాని మీదుగా దించినచో, టేబులు మారిన కొక్కెము మారును. కొక్కెము స్లాబులో దిగవలెను గాని జిప్సం పలకలో కాదు; బరువైన దీపము గొలుసుననో కడ్డీననో వ్రేలాడవలెను గాని కరెంటు వైరున కాదు; రేకుదీపమునకు ఎర్తు తీగె కలుపవలెను; దానికి విడిగా స్విచ్చుండవలెను. ఇవి పటములలో లేని సంగతులు.

టేబులు చుట్టునే మాటలాడుచున్నాను గాని, మన పనులలో సగము నేలమీదివి. బియ్యమేరుట, మల్లెలు కట్టుట, కత్తిపీట ముందేసికొని కూరలు తరుగుట, పిల్లవాడు పొట్టమీద పడుకొని హోంవర్కు వ్రాయుట, ఇవి ఏ డైనింగు టేబులు సూత్రమునకును అందవు. బియ్యములోని రాయి పైనుండి సమముగా పడు తెల్లని వెలుగులో గింజలలో గింజయై కలిసిపోవును. ప్రక్కగా, చేరువనుండి పడు వెలుగులో దానికి నీడ ఏర్పడి, అవ్వ వ్రేలికి చిక్కును. హాలులో ఒక మూలగా, నిలుచున్నవాని దారికి ఎడముగా, నేలకు నాలుగడుగుల యెత్తునకు దించిన టోపిదీపమును ఒక ఇల్లాలు పెట్టించుకొనగా, ఇంటీరియరు కుర్రవాడు "మేడమ్, ఇది డిజైన్‌లో కుదరదు" అని అభ్యంతరపెట్టెను. సాయంకాలమైనచో ఆ యింటి జనమంతయు ఆ మూలకే చేరుదురు.

తక్కిన ఆక్షేపణలు చిన్నవి. దుమ్ము పట్టుననిన, పట్టును. చేతికందు ఎత్తున నున్న టోపిని తడిగుడ్డతో తుడువవచ్చును, తొమ్మిదడుగుల యెత్తుననున్న స్పాట్ లైటును ఎవరును తుడువరు, కనబడదు కనుక లేదనుకొందురు. తొలకరి వానకు ఉసుళ్ళు ముసురునందురు. అవి ముసురునది నీలపు తెలుపు వెలుగునకు హెచ్చుగా, పసుపు వెలుగునకు తక్కువగా. బల్బు డబ్బాపై 6500 కె. అని యున్నదానిని మాని 2700 గాని 3000 గాని అని యున్నదానిని తెచ్చుకొనుడు. గిన్నెవలె పైకి తెరచుకొను టోపీలలో ఆ ఉసుళ్ళ రెక్కలు నిండి సంవత్సరము పొడవున నల్లని నీడగా కనబడుచుండును. క్రిందికి తెరచుకొను టోపికి ఆ బాధ లేదు. వాస్తు నడుగువారికి నా యుత్తరము క్లుప్తము: టేబులున్న చోట దీపముండవలెను, టేబులెక్కడ నుండవలెనో సిద్ధాంతిగారినే అడుగుడు.

అద్దెయింటివారము, మాకేల ఇవియన్నియు అనువారు మెట్టుగూడలో పెక్కురు. నిజమునకు ఈ దీపము వారిదే. ఒక రేకుటోపి, హోల్డరు, కావలసినంత వైరు, ప్లగ్గు, కొక్కెము; గోడలోని సాకెట్టునుండి వైరును మూలగుండ కప్పునకు నడిపి దించుకొన్నచో స్లాబు వైరింగు ముట్టనక్కరలేదు. ఇల్లు ఖాళీ చేయునాడు కొక్కెము తీసి రంధ్రమును లప్పముతో పూడ్చి, దీపమును సంచిలో పెట్టుకొని పోవచ్చును. లక్షలు పోసి కట్టించిన ఫాల్స్ సీలింగు మాత్రము ఇంటి ఓనరుగారికి మిగులును.